సవరణ: రెప్పల కాపడం గురించి తప్పు రాశాను

మొన్న పోస్టులో రెప్పల మంటకి రెండు నిమిషాలు వేడి గుడ్డ పెడితే వారంలో పోతుందని రాశాను కదా, అది తప్పండి, క్షమించండి. రెప్పల అంచుల్లో మైబోమియన్ గ్రంథులని నూనె ఊరే చిన్న గ్రంథులుంటాయి, వాటిలో నూనె చిక్కబడి పేరుకుంటే కన్నీళ్లు త్వరగా ఆరిపోయి మంట మొదలవుతుంది, ఆ నూనె కరగాలంటే 40 డిగ్రీల దగ్గర వేడి ఓ 5-10 నిమిషాలు నిలవాలి, గుడ్డేమో చప్పున చల్లారిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ ముంచుతూ ఉండాలి. తర్వాత పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి మెల్లగా నిమరాలి. చాలామందికి ఈ మంట పూర్తిగా పోదు, రోజూ చేస్తూ అదుపులో పెట్టుకోవాల్సిందే.

ముఖ్యంగా మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చుకోవచ్చన్న లైన్ తీసేశాను, డాక్టర్ చూడకుండా అవి వాడుతూ పోతే కంటి ప్రెషర్ పెరిగి గ్లకోమా (చూపు నరం దెబ్బతినే జబ్బు) రావచ్చు, దయచేసి ఎవరూ వేసుకోవద్దు.