మందవెల్లి మూడో అంతస్తులో సమాధి

(చెన్నై మందవెల్లిలో ఒక ఫ్లాట్. డైనింగ్ టేబుల్ నిండా పాత పేపర్లు పరిచి ఉన్నాయి. పబ్లిక్ వర్క్స్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన మూర్తిగారు నీలం రంగు ఫోమ్ ముక్కని స్కేలుతో కొలుస్తున్నారు. సుభద్రగారు పప్పు గిన్నె పట్టుకుని, దింపే చోటు లేక నిలబడ్డారు. టేబుల్ ఇప్పట్లో ఖాళీ కాదని పాఠకులకి ముందే మనవి.)

సుభద్ర: ఏమండీ, ఏంటది కడుతున్నారు?

మూర్తి: సమాధి.

సుభద్ర: ఎవరిదీ?

మూర్తి: ఇంకా అనుకోలేదు.

సుభద్ర: రామ రామ! శుక్రవారం పూట, అదీ అన్నం తినే బల్ల మీద!

మూర్తి: మన బన్నూ కోసమే. ఆదివారం వేళచ్చేరి నుంచి ఫ్రెండ్స్‌ని వెంటేసుకుని వస్తాడు. బల్ల మీద యుద్ధం ఆడతారు. ఒకవైపు సైనికులు, ఒకవైపు అస్థిపంజరాలు. ఆ అస్థిపంజరాలు ఎక్కణ్ణుంచి లేచి రావాలి మరి?

సుభద్ర: వేళచ్చేరి నుంచే లేచి రమ్మనండి.

మూర్తి: తేలిగ్గా తీసెయ్యకు. 1824లోనే ప్రష్యా సైన్యం ఆఫీసర్లకి ఇలాంటి ఆటతో యుద్ధం నేర్పింది. హెచ్.జి. వెల్స్ అంతటివాడు 1913లో బొమ్మ సైనికుల ఆటకి రూల్స్ రాసి పుస్తకం వేశాడు. నేల మీద కూర్చుని ఆడేవాళ్ళు.

సుభద్ర: నేల మీదే కదా? మరి మీకు బల్ల ఎందుకు?

(మూర్తిగారు ఈ ప్రశ్న వినలేదు. ఇలాంటివి వినకుండా ఉండటం ఆయనకి సర్వీసులో అలవాటైంది.)

మూర్తి: ఇది థర్మకోల్ అనుకుంటున్నావేమో, కాదు. థర్మకోల్ కోస్తే పూసలు పూసలుగా రాలుతుంది. ఇది ఎక్స్‌పీఎస్. ఎండకి డాబా కాలకుండా వేస్తారే, ఆ బోర్డు. ఎదురింటి మేడ మీద పని జరుగుతుంటే ముక్క అడిగి తెచ్చా. వెన్నలా తెగుతుంది, గీత గీస్తే గీత నిలుస్తుంది.

సుభద్ర: వెన్నలా తెగేదానికి నా కూరగాయల చాకు ఎందుకూ?

మూర్తి: మొద్దు బ్లేడైతే ఫోమ్ చిరుగుతుంది. ఇంట్లో పదునైంది అదొక్కటే.

సుభద్ర: (ఒకసారి చుట్టూ చూసి) చపాతీలు చుట్టే ఫాయిల్ కూడా ఇక్కడే ఉందే!

మూర్తి: దాన్ని నలిపి ఉండ చేసి ఫోమ్ మీద నొక్కుతూ దొర్లిస్తే రాయి గరుకు వస్తుంది. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో రాళ్ళ వరసలు గీయాలి. కింది వరస అతుకు మీద పై వరస అతుకు పడకూడదు. ఒకదాని మీద ఒకటి పడ్డాయో, గోడ నిలువునా చీలుతుంది.

సుభద్ర: అర చెయ్యి పొడుగు గోడ!

మూర్తి: గోడ గోడే. ఇదిగో, ఈ వాకిలి చూడు. పైన కోసుగా కలిసే ఆర్చి. గోథిక్. మొన్న శాంతోమ్ చర్చికి వెళ్ళి పరిశీలనగా చూసొచ్చా. ఇప్పుడున్న కట్టడం 1896 నాటిది, అన్నీ ఇలాంటి ఆర్చిలే. కింద సెయింట్ థామస్ సమాధి ఉన్న గది కూడా ఉంది. అపొస్తలుల సమాధుల మీద కట్టిన చర్చిలు ప్రపంచంలో మూడే అంటారు. రోమ్‌లో ఒకటి, స్పెయిన్‌లో ఒకటి, మన బస్సు దిగితే ఒకటి.

సుభద్ర: కూరలు తెస్తానని వెళ్ళింది అక్కడికా? అందుకే ఆ రోజు కూరలూ రాలేదు, సంచీ రాలేదు.

మూర్తి: ఈ ఆర్చి గీయడంలో ఒక కిటుకుంది. వాకిలి వెడల్పు ఎంతో, అంత వ్యాసార్ధంతో రెండు వైపుల నుంచీ రెండు చాపాలు గీస్తే పైన కలుస్తాయి. గుండ్రటి ఆర్చి గోడని పక్కలకి ఎక్కువ తోస్తుంది, ఇది అంత తొయ్యదు. నా కంపాస్ ఎక్కడుందో దొరక్క, నీ 2-4 గాజు పెట్టి గీశా.

సుభద్ర: నా గాజా! పొద్దుటి నుంచీ పూజగదంతా వెతుకుతున్నాను!

మూర్తి: 2-4 అంటే లోపలి వెడల్పు రెండుంబావు అంగుళాలు. అందులో సగం సుమారు 29 మిల్లీమీటర్లు. మన వాకిలి కూడా సరిగ్గా అంతే! ఏం కలిసిందోయ్ నీ చెయ్యి!

(పెళ్ళయ్యాక ఆయన ఆవిడ చేతిని మెచ్చుకోవడం ఇదే మొదలేమో. ఆవిడ కరిగిపోలేదు. గాజు తీసి తొడుక్కుని, మెట్ల మీద ఒక అస్థిపంజరాన్ని నిలబెట్టారు. అది దబ్బున బోర్లా పడింది.)

సుభద్ర: పడ్డాడు.

మూర్తి: గట్టిగా పెట్టి ఉంటావు.

సుభద్ర: మీరు పెట్టండి.

(మూర్తిగారు పెట్టారు. ఈసారి వెల్లకిలా పడింది.)

మూర్తి: మెట్లు స్కేలు ప్రకారం ఉన్నాయి. ఈ బొమ్మలు కళ్ళదాకా 28 మిల్లీమీటర్లు. ఆ లెక్కన అడుగు పెట్టే చోటు 5 మిల్లీమీటర్లు చాలు.

సుభద్ర: మీ మెట్లు కాళ్ళున్నవాళ్ళకి. వీడు అంగుళం బిళ్ళ మీద అతుక్కుని ఉన్నాడు. ఏటా దసరాకి కొలువు పెడుతున్నాను, చూడట్లేదూ? కొలువు మెట్టు ఎంత వెడల్పు ఉండాలీ? బొమ్మ అడుగు పీట ఎంతో, దానికి వేలెడు ఎక్కువ. దశావతారాలు నిలవని మెట్టు ఎందుకు, చెక్కలు దండగ!

మూర్తి: మెట్టుకి అంగుళం ఇస్తే స్కేలు పోతుంది. రాక్షసులు ఎక్కే మెట్లలా ఉంటాయి.

సుభద్ర: ఎక్కేది రాక్షసులే కదండీ.

(మూర్తిగారు కాసేపు ఫోమ్ వంక, కాసేపు ఫ్యాను వంక చూశారు. తర్వాత చాకు తీసుకుని మెట్లు పీకేశారు. ఆవిడ మాటకి కాదట, రివైజ్డ్ ఎస్టిమేట్‌లో భాగమట.)

సుభద్ర: పైకప్పు కూడా తీసి పెట్టేలా చెయ్యండి. లోపల బొమ్మలు కదపాలంటే చెయ్యి పట్టాలిగా.

మూర్తి: సమాధికి తెరుచుకునే కప్పేంటి, అగ్గిపెట్టెలాగా? కప్పంటే ఫిక్స్‌డ్. ఫెవికాల్ పెట్టి, పైన బరువు పెట్టి, ఒక రోజు వదిలేస్తే కదలదు.

సుభద్ర: వంటింటి అటకా అంతేగా. గ్రైండర్ పెట్టుకోవడానికని మీరే గీశారు. గ్రైండర్ పైకి వెళ్ళింది. తర్వాత అటక ముందు ఫ్రిజ్ వచ్చింది. గ్రైండర్ ఇంతవరకూ దిగలేదు.

మూర్తి: ఫ్రిజ్ నా డ్రాయింగులో లేదు.

(పప్పు చల్లారింది. ఆ పూట ఇద్దరూ వంటింటి గట్టు దగ్గర నిలబడి తిన్నారు. శనివారం పొద్దున్నే రంగులు.)

సుభద్ర: బాల్కనీ గ్రిల్‌కి కొట్టిన నల్ల స్ప్రే డబ్బా సగం మిగిలింది. రెండు నిమిషాల్లో కొట్టేస్తా, ఇలా తెండి.

మూర్తి: ఆగాగు! అందులో ఉండే సాల్వెంట్‌కి ఫోమ్ కరిగి గుంటలు పడిపోతుంది. ముందు ఫెవికాల్‌లో నల్ల యాక్రిలిక్ రంగు కలిపి అంతా పూత వెయ్యాలి. ఒక్క చోటు కూడా వదలకూడదు. అది ఆరాక బూడిద రంగు. ఆ తర్వాత బ్రష్‌కి లేత బూడిద రంగు అంటించి, దాదాపు అంతా పేపర్ మీద తుడిచేసి, ఉట్టి బ్రష్‌తో అన్నట్టు రుద్దితే రాళ్ళ అంచులు మాత్రమే తేలతాయి.

సుభద్ర: కొత్తగా ఉంది. పాత సమాధి కదా, వానకి నాని ఉండదూ?

మూర్తి: (ఉత్సాహంగా) అదీ! గోధుమరంగు నీళ్ళలా పల్చగా కలిపి పోస్తే సందుల్లోకి దిగి మురికిలా కనపడుతుంది. కింద నేలకి కాఫీ పిప్పి.

సుభద్ర: పిప్పి కరివేపాకు చెట్టుకి వేస్తాను. అది మాత్రం అడక్కండి.

మూర్తి: రెండు చెంచాలు.

సుభద్ర: ఒకటి. బాగా ఎండబెట్టి వాడండి, తడిగా అంటిస్తే బూజు పడుతుంది.

మూర్తి: బూజు పడితే సమాధికి అందమే.

సుభద్ర: మీ సమాధికి అందం, నా బల్లకి కంపు.

(సాయంత్రం కప్పు పెట్టడం అయింది. మూర్తిగారు అతుకులన్నిటికీ ఫెవికాల్ ధారాళంగా పట్టించి, పైన అట్టముక్క వేసి, దాని మీద రోటి పొత్రం బరువు పెట్టి, ‘ముట్టుకోవద్దు’ అని చీటీ అంటించి పడుకున్నారు.

ఆదివారం బన్నూ, స్నేహితులూ వచ్చారు. సమాధి చూసి కేరింతలు కొట్టారు. మెట్ల మీద అస్థిపంజరాలు బుద్ధిగా నిలబడ్డాయి. అప్పుడు బన్నూ అడిగాడు: “తాతయ్యా, లోపల ఫైటింగ్ అయితే ఎలా? కప్పు తీయొచ్చా?”)

మూర్తి: (గొంతు సవరించుకుని) ఇది పర్మనెంట్ స్ట్రక్చర్ నాన్నా...

(సుభద్రగారు వంటింట్లోంచి వచ్చి, కప్పు అంచు రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తారు. వచ్చేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.)

మూర్తి: ఇదేంటి! ఫెవికాల్ ఏమైంది?

సుభద్ర: రాత్రి పొత్రం తీసి చూశా. ఫోమ్‌కి ఫోమ్ అంటిస్తే మధ్యలో గాలి ఆడుతుందా, ఆరుతుందా? పచ్చిగానే ఉంది. తుడిచేశా. జారిపోకుండా నాలుగు మూలలా అగరొత్తి పుల్లలు గుచ్చా. పొత్రం మళ్ళీ పెట్టేశా.

మూర్తి: అప్రూవ్ అయిన డ్రాయింగుని రాత్రికి రాత్రి మార్చేస్తావా? చీటీ చూడలేదూ?

సుభద్ర: చూశా. దాని వెనకే పాల లెక్క రాశా.

(మూర్తిగారు కళ్ళజోడు పైకి తోసుకుని, ఒక పుల్లని రెండు వేళ్ళతో ఊపి చూశారు.)

మూర్తి: ఎంత లోతు దించావు?

సుభద్ర: అంగుళం.

మూర్తి: అనవసరం. ముప్పాతిక అంగుళం చాలు.

సుభద్ర: ముందు ముప్పాతికే దించా. ఊడొచ్చింది.