తుపాకీకి మడత కన్నా కొలత ముఖ్యం

మూడు వారాల్లో ఒకే సందేశం నా ఫోనుకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. లైసెన్సు తుపాకులున్న వాళ్ల మధ్య మొదలై, అపార్టుమెంటు సంఘాల దాకా పాకినట్టుంది. చివరికి మలక్‌పేటలో ఉండే మా బాబాయి కూడా దాన్ని పంపించి, "నువ్వు షూటింగ్ రేంజికి వెళ్తుంటావు కదా, ఇది నిజమేనా?" అని అడిగాడు. దాని సారాంశం ఇది (స్టాక్ అంటే తుపాకీ వెనక భుజానికి ఆనించే భాగం, బట్ అంటే దాని వెనక చివర):

"పంప్ షాట్‌గన్ ఉన్నవాళ్లు చెక్క బట్ తీసేసి మడత స్టాక్ వేయించుకోండి. ఇరుకు ఇళ్లలో తిప్పడం తేలిక. మడిచి నడుం దగ్గర పెట్టుకునే కాల్చవచ్చు, గుళ్లు చెదురుతాయి కాబట్టి గురి అక్కరలేదు. వెనక్కి తన్నడం కూడా తగ్గుతుంది. స్టాక్ అంటే పిడి మాత్రమే, కాబట్టి ఎవరికీ చెప్పనవసరం లేదు, వడ్రంగి చేతనైనా బిగించుకోవచ్చు. గొట్టం కూడా కాస్త కోయిస్తే ఇంకా మంచిది."

బాబాయికి ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోలేకపోయాను. ఈ సలహా పాటిస్తే ఒకరికి మణికట్టు పోవచ్చు, ఇంకొకరికి స్వేచ్ఛే పోవచ్చు. అందుకే ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

గురి సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే మిగతా తప్పులన్నీ దాని మీదే నిలబడ్డాయి. షాట్‌గన్ గుళ్లు గొట్టం దాటగానే గొడుగులా విచ్చుకుంటాయని చాలామంది నమ్ముతారు. నిజానికి చోక్, అంటే చివర ఇరుకు, లేని మామూలు గొట్టంలోంచి పెద్ద గుళ్లు గజం దూరానికి సుమారు అంగుళం చొప్పున మాత్రమే చెదురుతాయి. ఇది ముతక లెక్కే, తూటాను బట్టి మారుతుంది. అయినా మన హాలు ఆ చివర నుంచి ఈ చివరికి ఎంత? ఐదు మీటర్లు. ఆ దూరంలో గుళ్లన్నీ కలిపి జానెడు వెడల్పు కూడా ఉండవు. అంటే తుపాకీ చివర రెండు మూడు డిగ్రీలు పక్కకు తిరిగితే ఆ గుంపంతా గురి తప్పుతుంది. తప్పిన గుళ్లు గాలిలో కరిగిపోవు. అవి ప్లైవుడ్ తలుపులోంచి పక్క గదిలోకి వెళ్తాయి, కిటికీలోంచి ఎదుటి ఫ్లాటుకు వెళ్తాయి. పిల్లలు పడుకున్న గది ఎటు ఉందో చూసుకోకుండా "గురి అక్కరలేదు" అని రాసినవారు ఆ సంగతి ఒక్క క్షణమైనా ఆలోచించారా?

దూరం పెరిగితేనైనా గురి అక్కరలేదా? మన హైదరాబాదు షూటర్ కైనన్ చెనాయ్ సంగతి చూడండి. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ట్రాప్ విభాగంలో (ఎగిరే పళ్లేలను షాట్‌గన్‌తో కాల్చే పోటీ) జట్టుతో స్వర్ణం, వ్యక్తిగతంగా కాంస్యం గెలిచాడు. ట్రాప్‌లో వాడే తూటాలో గుళ్ల బరువు 24 గ్రాములు. గాలిలోకి ఎగిరే మట్టి పళ్లెం వెడల్పు 11 సెంటీమీటర్లు. అది ముప్పై మీటర్లకు పైగా దూరంలో ఉండగా కాలుస్తారు. గుళ్లు చెదరడానికి కావలసినంత దూరమే అది. అయినా ఈ ఆటగాళ్లు తమ తుపాకీ బట్ పొడవు, దాని వంపు, చెంప ఆనే చోటు ఎత్తు మిల్లీమీటర్ల లెక్కన సరిచేయించుకుంటారు. మామూలు షాట్‌గన్‌కు వెనక ఒక గురి, ముందు ఒక గురి అంటూ ఉండవు. ముందు చివర ఒక చిన్న పూస ఉంటుంది, వెనక గురి పని చేసేది మన కన్నే. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనితేనే కన్ను ప్రతిసారీ ఒకే చోట ఉంటుంది. చెంపను అలా నిలబెట్టేది స్టాక్. దాన్ని మడిచి నడుం దగ్గర పెట్టుకోవడమంటే వెనక గురిని పీకి పారేయడమే.

ఇక వెనక్కి తన్నడం. మడత వల్ల తన్ను తగ్గుతుందన్నది ఎక్కడి నుంచి పుట్టిందో నేను ఊహించగలను. లోపల స్ప్రింగులున్న స్టాకులు కొన్ని ఉన్నాయి, అవి నిజంగానే దెబ్బను మెత్తబరుస్తాయి. అది స్ప్రింగు గొప్పతనం, మడత గొప్పతనం కాదు. తుపాకీ వెనక్కి తన్నే శక్తి దాని బరువుకు విలోమంగా మారుతుంది. 3.2 కిలోల తుపాకీకి చెక్క తీసి, తేలికపాటి బోలు స్టాక్ వేసి అర కిలో తగ్గించారనుకోండి. అదే తూటాకు తన్నే శక్తి దాదాపు 18 శాతం పెరుగుతుంది. పైగా వెడల్పాటి రబ్బరు మెత్త ఉన్న బట్ ఆ దెబ్బను భుజమంతా పంచుతుంది. ఇనుప చువ్వ వంచి చేసిన మడత స్టాక్ చివర అదే దెబ్బను రెండు వేళ్ల వెడల్పులో దించుతుంది. చలి దేశాల్లో మందపాటి కోటు మీద కాలుస్తారు. మనం మే నెలలో పల్చని నూలు చొక్కా మీద కాల్చాలి.

స్టాక్ పూర్తిగా మడిచి కాలిస్తే ఆ శక్తంతా మణికట్టులోకి వెళ్తుంది. స్టాక్ లేకుండా చేతి పిడి ఒక్కటే ఉన్న పంప్ తుపాకీని ఒకాయన ముఖం ఎత్తుకు తెచ్చి కాల్చడం నేను కళ్లారా చూశాను. తుపాకీ వెనక భాగం ఎగిరి పై పెదవి చీలింది. ఆయన బలహీనుడేమీ కాదు, వ్యాయామం చేసే మనిషి.

సందేశం రాసినవారు అసలు తలవనే తలవని మాట ఇంకొకటి ఉంది. పంప్ తుపాకీలో తూటా తానంతట మారదు. ముందు పిడిని చివరిదాకా వెనక్కి లాగితే ఖాళీ తొడుగు బయటికి వస్తుంది, చివరిదాకా ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికి వెళ్తుంది. ఒక చేయి ఇలా లాగి తోస్తుంటే తుపాకీని కదలకుండా పట్టి ఉంచేది భుజం. భుజం ఆసరా లేకపోతే రెండు చేతులూ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి, లాగడం సగంలో ఆగుతుంది, తూటా ఇరుక్కుంటుంది. కొన్ని పక్క మడత స్టాకులు కుడివైపుకు మడుచుకుంటాయి. చాలా పంప్ తుపాకుల్లో ఖాళీ తొడుగు బయటికి వచ్చే కిటికీ ఉండేదీ అటువైపే. పైకి మడిచే రకమైతే పూస కంటికి కనబడకుండా అడ్డు రావచ్చు.

మరి మడత స్టాక్ ఎందుకు పుట్టింది? మోసుకెళ్లడానికి. 1942లో అమెరికా సైన్యం పారాచూట్ దళాల కోసం ఎం1ఎ1 కార్బైన్‌కు (పొట్టి రైఫిల్‌కు) మడత స్టాక్ పెట్టింది. విమానంలోంచి దూకేటప్పుడు పొడవాటి ఆయుధం అడ్డం కాకుండా మడుస్తారు, నేలకు దిగాక విప్పి భుజానికి ఆనించి కాలుస్తారు. రెమింగ్టన్ 870 లాంటి పంప్ తుపాకులకు పోలీసుల కోసం మడత స్టాకులు వచ్చినప్పుడూ ఇదే సంగతి: కారులో పెట్టుకోవడానికి మడత, కాల్చడానికి విప్పు. మన నగరంలో ఫ్లాటులో ఉండేవాడు పారాచూట్‌తో ఎక్కడికీ దూకడు.

"ఇరుకు ఇళ్లలో తేలిక" అన్న మాటలో మాత్రం కొంత నిజముంది. దాన్ని కొట్టిపారేయను. బాబాయి ఇల్లు పాతది, వరండా నుంచి గదిలోకి తిరిగే చోట ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేరు. కానీ లెక్క చూడండి. మడత స్టాక్ విప్పాక దాని పొడవు మామూలు స్టాక్ పొడవే. మడిచి నడుం దగ్గర పట్టుకుంటేనేమో, తుపాకీ పట్టడానికి చేయి ముందుకు వస్తుంది, గొట్టం చివర ఒంటి నుంచి చాచిన దూరం పెద్దగా తగ్గదు. అన్నిటికన్నా ముఖ్యం, చీకట్లో గది గదీ వెతుకుతూ తిరగడమే తప్పు. ఇంటివాళ్లను ఒక గదిలో చేర్చి, తలుపు గడియ వేసి, 112కు ఫోను చేసి అక్కడే ఉండిపోయినవాడికి తుపాకీ పొడవుతో పనేముంది?

చిన్న లాకరులో పట్టడం లేదన్న బాధ నిజమే అయితే దానికీ వేరే దారి ఉంది. చాలా పంప్ తుపాకుల్లో, తూటాలన్నీ తీసి ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాక, తూటాలు నిలవ ఉండే కింది గొట్టం (మ్యాగజైన్) చివరి మూత మరలు విప్పితే, తూటా వెళ్లే పై గొట్టం విడిగా వస్తుంది. రెండు ముక్కలుగా లాకరులో పడుకుంటుంది. పిల్లలున్న ఇంట్లో అది మడత కన్నా భద్రం కూడా.

ఇప్పుడు చట్టం. ఈ ఒక్క విషయంలో నాకు నిజంగా కోపం వస్తోంది, ఎందుకంటే ఇది అమాయకులను జైలుకు పంపే సలహా. 1959 ఆయుధాల చట్టం "ఆయుధాలు" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే వాటి భాగాలనూ చేర్చింది. తుపాకీ తయారీ, మార్పు, మరమ్మతు లైసెన్సున్నవారే చేయాలని సెక్షన్ 5 చెబుతుంది. వడ్రంగి ఎంత పనిమంతుడైనా ఆ లైసెన్సు ఆయనకు లేదు. మన పని చేసిపెట్టినందుకు ఆయన్నీ చిక్కుల్లోకి లాగుతాం.

గొట్టం కోయించడం గురించి అయితే "ఇంకా మంచిది" అని రాయడానికి చేయి ఎలా వచ్చిందో నాకు అర్థం కాదు. అనుమతి లేకుండా గొట్టం పొట్టి చేయడాన్ని సెక్షన్ 6 నిషేధిస్తుంది. 2019 సవరణ తరువాత ఆ నేరానికి శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. 20 అంగుళాల కన్నా తక్కువ గొట్టమున్న నున్నని బోరు తుపాకులను (గొట్టం లోపల గాడులు లేనివి, షాట్‌గన్ ఆ రకమే) ఆయుధ నియమావళి సామాన్యులకు దొరికే మామూలు తుపాకుల వరసలో పెట్టనే లేదు. అమెరికాలో 18 అంగుళాల గొట్టం మామూలు వ్యవహారం. అక్కడి వీడియోలు చూసి ఇక్కడ రంపం పట్టుకోకూడదు. మన నగరంలో లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనర్. స్టాక్ మార్చాలనుకుంటే ముందు ఆ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి, తరువాత లైసెన్సున్న ఆయుధ మరమ్మతుదారు దగ్గరికే వెళ్లండి. రెండు రోజులు ఆలస్యమైతే ఏమీ మునిగిపోదు.

ఇంతకీ తుపాకీ పొడవుగా, బరువుగా, చేతికి అందనట్టుగా ఎందుకు అనిపిస్తుంది? చాలామందికి అసలు కారణం ట్రిగ్గర్ నుంచి బట్ చివర దాకా ఉండే దూరం. దాన్ని షూటర్లు పుల్ అంటారు. అమెరికా పంప్ తుపాకుల్లో అది దాదాపు 14 అంగుళాలు. అది అక్కడి సగటు ఎత్తు మగవారిని ఉద్దేశించిన కొలత. ఐదడుగుల మూడంగుళాల మనిషి దాన్ని ఎత్తితే బట్ చంకలో ఇరుక్కుంటుంది, ముందు చేయి సాగిపోతుంది, నడుం వెనక్కి వంగుతుంది. అలా నిలబడి కాలిస్తే ఎవరికైనా తుపాకీ శత్రువులాగే అనిపిస్తుంది. పొట్టివారి కోసం, యువకుల కోసం 12, 13 అంగుళాల స్థిరమైన స్టాకులు కూడా తయారవుతున్నాయి. కొన్నిటికి వెనక బిళ్లలు కలిపి, తీసి పొడవు సర్దుకునే వీలుంటుంది. ఇంట్లో ఇద్దరు వాడే తుపాకీకి నా ఓటు వీటికే. మెట్లు మెట్లుగా లోపలికి జరిగే స్టాక్ కూడా ఫరవాలేదు, కానీ గట్టిగా బిగిసి, చెంప ఆనే చోట ఊగకుండా ఉంటేనే. పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. కొత్తదే ఊగితే ఏడాది తరువాత దాని గతి చెప్పనవసరం లేదు.

అలాగని స్టాక్ మరీ పొట్టిగా ఉండకూడదు. తుపాకీ ఎత్తి చెంప ఆనించినప్పుడు పిడి పట్టిన బొటనవేలికీ ముక్కుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. అంతకన్నా తగ్గితే మొదటి తూటాకే ముక్కు పగులుతుంది.

ఆదివారం బాబాయి ఇంటికి వెళ్లి, తుపాకీ ఖాళీ అని ఇద్దరం చూసుకుని, టేపుతో కొలిచాం. పుల్ 14 అంగుళాల పావు ఉంది. ఆయన ఎత్తు ఐదడుగుల మూడు. అద్దం ముందు నిలబెట్టి తుపాకీ ఎత్తమంటే బట్ చొక్కా చేతికి తట్టుకుంది. "ఇన్నాళ్లూ నాకే చేతకాదనుకున్నానురా" అన్నాడు. కమిషనర్ కార్యాలయానికి రాయవలసిన ఉత్తరం పిన్నితో కలిసి ముగ్గురం కూర్చుని రాశాం. గొట్టం విడదీసి లాకరులో పెట్టాం. కొత్త స్టాక్ కొలత 13 అంగుళాలు అని రాసిన కాగితం బాబాయి మడిచి లైసెన్సు పుస్తకంలో పెట్టుకున్నాడు.