కాపీ పేస్ట్ చేసిన స్క్రిప్టులో తప్పు కూడా పన్నెండుసార్లు పేస్ట్ అవుతుంది

విండోస్‌లో కీ నొక్కితే పనులు వాటంతటవే జరిగేలా స్క్రిప్టులు రాసుకునే ఆటోహాట్‌కీలో పన్నెండు షార్ట్‌కట్లున్న స్క్రిప్టు తెరిస్తే, చాలాసార్లు కనిపించేది ఒకే కోడు పన్నెండుసార్లు. విండోను ముందుకు తీసుకురా, 500 మిల్లీసెకన్లు ఆగు, ఫలానా చోట క్లిక్ చెయ్యి, ఈ మాట టైప్ చెయ్యి, ట్యాబ్ నొక్కు, ఎంటర్ నొక్కు. ఆరు లైన్లు, పన్నెండు కాపీలు, మొత్తం 72. వాటిలో నిజంగా మారేది టైప్ చేసే మాట ఒక్కటే. మిగతాదంతా మక్కీకి మక్కీ.

ఆ కోడును ఒక్కసారే రాసి, పేరుతో పిలుచుకునే ఫంక్షన్ రాయమంటే "పనిచేస్తోంది కదా, ఎందుకు కెలకడం" అంటారు. లైన్లు ఎక్కువయ్యాయన్నది నా బాధ కాదు. ఆ 500 ఉంది చూశారూ, జబ్బు అక్కడ ఉంది. అది గుడ్డిగా ఆగడం. సిస్టమ్ నెమ్మదించిన రోజున విండో అర సెకనులో ముందుకు రాదు. టైప్ అయ్యే మాట, దాని వెనకే ఎంటర్, అప్పుడు ఏ విండో ముందుంటే అందులోకి పోతాయి. అది చాట్ విండో అయితే మెసేజ్ వెళ్లిపోయినట్టే. దీన్ని సరిచేయడానికి పన్నెండు చోట్ల చెయ్యి పెట్టాలి. పదకొండు చోట్ల మార్చి ఒకటి మరిచిపోవడం ఎవరికైనా జరిగేదే.

అదే ఒక ఫంక్షన్ అయితే, మారే మాటను పారామీటరుగా, అంటే పిలిచేటప్పుడు ఇచ్చే విలువగా, తీసుకుంటుంది. లోపల ముందు విన్‌ఎగ్జిస్ట్‌తో విండో ఉందో లేదో చూడాలి, ఎందుకంటే ఆటోహాట్‌కీ వెర్షన్ 2లో విండో లేకుండా, దాన్ని ముందుకు తెచ్చే విన్‌యాక్టివేట్ పిలిస్తే ఎర్రర్ వస్తుంది. తర్వాత విన్‌యాక్టివేట్, ఆపైన విండో ముందుకు వచ్చేదాకా ఆగే విన్‌వెయిట్‌యాక్టివ్, 3 సెకన్ల గడువుతో. గడువులోగా విండో రాకపోతే అది 0 ఇస్తుంది. విండో లేకపోయినా, 0 వచ్చినా టూల్‌టిప్‌లో (మౌస్ పక్కన వచ్చే చిన్న పెట్టెలో) ఒక మాట చూపించి అక్కడే రిటర్న్ అయిపోవాలి, ఒక్క అక్షరం కూడా టైప్ చేయకూడదు. ఇదంతా పది లైన్లలో అయిపోతుంది. షార్ట్‌కట్‌కు ఒక్కో లైన్ చొప్పున పన్నెండు. మొత్తం 22.

ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది. ఊరికే ఆగమని చెప్పే స్లీప్ లెక్క మిల్లీసెకన్లలో, విన్‌వెయిట్‌యాక్టివ్ లెక్క సెకన్లలో. అలవాటు కొద్దీ 3000 అని రాస్తే, విండో రానప్పుడు ఆ షార్ట్‌కట్ 50 నిమిషాలు కాచుకుని కూర్చుంటుంది.

టైప్ చేయడానికి సెండ్ బదులు, గుర్తులను ఉన్నవి ఉన్నట్టే టైప్ చేసే సెండ్‌టెక్స్ట్ వాడండి. సెండ్‌కు ప్లస్ గుర్తు అంటే షిఫ్ట్, క్యారెట్ అంటే కంట్రోల్, ఆశ్చర్యార్థకం అంటే ఆల్ట్. కాపీలు ఉన్నప్పుడు ఈ గొడవ కనిపించదు, ఎందుకంటే ఆ పన్నెండు మాటల్లో ఆ గుర్తులు లేకపోవచ్చు. ఫంక్షన్‌లోకి రేపు ఏ మాట వస్తుందో తెలియదు, అందుకే జాగ్రత్త లోపలే ఉండాలి.

కొందరు ఇంకో అడుగు వేసి, షార్ట్‌కట్లనే లూప్‌లో, అంటే ఒకే కోడును తిరిగి తిరిగి నడిపే పద్ధతిలో, పుట్టిస్తారు. మంచిదే, కానీ లూప్ లోపల బాణం గుర్తు (=>) ఫంక్షన్ రాస్తే అది వేరియబుల్‌ను, అంటే విలువ ఉంచే పేరును, పట్టుకుంటుంది, ఆ క్షణంలో ఉన్న విలువను కాదు. లూప్ ముగిశాక అన్ని కీలూ ఒకే విలువ వైపు చూస్తాయి. ఫంక్షన్‌కు విలువను ముందే కట్టేసే బైండ్ వాడితే ఏ కీకి ఆ మాట అప్పుడే అతుక్కుంటుంది. అయితే హాట్‌కీ తన పేరును కూడా అదనంగా పంపుతుంది కాబట్టి పారామీటర్ల చివర నక్షత్రం గుర్తు పెట్టాలి. లేకపోతే పారామీటర్లు ఎక్కువయ్యాయని ఎర్రర్.

క్లిక్ స్థానాల గురించి కూడా చెప్పాలి. వెర్షన్ 1లో కొలత మొత్తం విండో మూల నుంచి మొదలవుతుంది, వెర్షన్ 2లో టైటిల్ బార్ కింద ఉండే క్లయింట్ భాగం నుంచి. పాత అంకెలను అలాగే తెస్తే క్లిక్ కిందికి జారుతుంది. కొలత ఎక్కడి నుంచో చెప్పే కోఆర్డ్‌మోడ్‌ను ఫంక్షన్ లోపల మార్చితే, ఫంక్షన్ ముగిశాక కూడా ఆ థ్రెడ్‌లో (ఆ షార్ట్‌కట్ పని నడుస్తున్నంతసేపు) ఆ మార్పు అలాగే నిలిచి ఉంటుంది. పాత సెట్టింగును దాచిపెట్టి, బయటికొచ్చే ముందు తిరిగి పెట్టేయాలి.

లేబుల్ అనే పేరున్న చోటికి దూకి, పని అయ్యాక వెనక్కి వచ్చే గోసబ్‌ను వెర్షన్ 2 నుంచి తీసేయడం నాకు నచ్చిన నిర్ణయం. ముందు ఒక గ్లోబల్ వేరియబుల్ (స్క్రిప్టులో ఎక్కడినుంచైనా మార్చగలిగేది) నింపి, తర్వాత లేబుల్‌కు దూకే పద్ధతిలో ఆ విలువ ఎవరు ఎప్పుడు మార్చారో వెతకడమే పెద్ద పని.

అలాగని చూడటానికి ఒకేలా ఉన్నవన్నీ ఒకే ఫంక్షన్‌లో కుక్కకండి. పిలిచే చోట ఒక మాట, దాని వెనక ట్రూ, ఫాల్స్, ట్రూ అని కనిపిస్తోందంటే, అక్కడ రెండు వేర్వేరు పనులు ఒకే పేరు పెట్టుకుని ఉన్నాయి. విడదీయండి, నాలుగు లైన్లు రెండుసార్లు ఉన్నా నష్టం లేదు.

మార్చేటప్పుడు పన్నెండూ ఒకేసారి మార్చొద్దు. ఒక్క షార్ట్‌కట్ మార్చి మూడు రకాలుగా నొక్కి చూడండి: విండో మూసేసి ఉన్నప్పుడు, మినిమైజ్‌లో ఉన్నప్పుడు, దానిమీద ఇంకో విండో ఉన్నప్పుడు. మూసేసి ఉంటే టూల్‌టిప్ మాత్రమే రావాలి. మిగతా రెండిట్లో మాట సరైన బాక్సులో పడాలి. అప్పుడు మిగతా పదకొండు.