పిల్లను ఏడిపిస్తే సన్నబడుతుందా?

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ ఈ నెలలో నాలుగోసారి వచ్చింది. ‘లావు పిల్లలు 21 రోజుల్లో సన్నబడే ఆరు సూత్రాలు, డాక్టర్ అక్కర్లేదు’ అని. పంపేవాళ్లంతా మా మంచి కోరేవాళ్లే. మా పాపకు పదకొండేళ్లు, ఉండాల్సిన దానికన్నా బరువు ఎక్కువ. అందుకని నాకు విడిగా కూడా పంపుతున్నారు. ఇన్నాళ్లూ దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. ఇక ఊరుకోను.

మొదటి సూత్రం: సెంటీమీటర్లలో ఎత్తు కొలిచి వంద తీసేస్తే ఉండాల్సిన బరువు వస్తుందట. ఐదేళ్ల పిల్లాడు 110 సెంటీమీటర్లు ఉన్నాడనుకోండి. వంద తీస్తే పది కిలోలు. అది ఏడాది పిల్లాడి బరువు! పిల్లలకు వయసును బట్టి, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరుగా చార్టులున్నాయి. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం 5 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 2015లో కొత్తవి ఇచ్చింది. వాటిలో చూడాలి.

రెండోది, పరగడుపున నిమ్మరసంలో తేనె. పెద్ద చెంచా తేనె అంటే దాదాపు అంతా చక్కెరే, అరవై కేలరీల పైమాట. నిమ్మకాయ దాన్ని కరిగించదు.

మూడోది, రాత్రి అన్నం మానిపించడం. ట్యూషన్ నుంచి ఏడున్నరకు ఆకలితో వచ్చిన పిల్లకు అన్నం పెట్టకపోతే తొమ్మిదింటికి మిక్చర్ డబ్బా మూత తీస్తుంది. మీరు తీయరా?

నాలుగోది, లావుకు కారణం థైరాయిడే, ముందు ఆ టెస్టు చేయించండి అని. థైరాయిడ్ తక్కువైన పిల్లల్లో ఎత్తు పెరగడం మందగిస్తుంది. వయసుకు తగ్గట్టు పొడుగు సాగుతున్న పిల్లలో హార్మోన్ జబ్బు ఉండటం చాలా అరుదు. పైగా బరువు ఎక్కువున్న పిల్లల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్, ఆ టెస్టులో చూసేది) కొద్దిగా పెరగడం మామూలే, చాలాసార్లు బరువు తగ్గితే అదీ దిగుతుంది. టెస్టు కావాలో వద్దో పిల్లను చూసిన డాక్టర్ చెప్పాలి.

నా కోపమంతా ఐదో సూత్రం మీద. ‘నలుగురిలో లావు అని అంటూ ఉండండి, సిగ్గు పుట్టి తిండి తగ్గిస్తారు.’

పోయిన మాఘమాసంలో కావలిలో పెళ్లికి వెళ్లాం. బంతిలో పాప ఆకులో రెండో మలై కాజా వేయబోతుంటే, ఎదుటి వరసలోంచి ఒక పెద్దాయన ‘దానికి వద్దయ్యా, గోడౌన్ ఇప్పటికే నిండిపోయింది’ అని గట్టిగా అన్నారు. బంతంతా నవ్వింది. పాప పెరుగన్నం కూడా తినకుండా లేచిపోయింది. ఆ రాత్రి పదకొండు దాటాక వంటింట్లో ఏదో అలికిడైతే వెళ్లి చూశాను. లైటు వేసుకోకుండా ఫ్రిజ్ పక్కన నేల మీద కూర్చుని బిస్కెట్లు తింటోంది. ప్యాకెట్ చప్పుడు కాకుండా గౌను మడతలో పెట్టుకుంది. నన్ను చూసి ముందు ప్యాకెట్ దాచింది, తర్వాత ఏడ్చింది. ఆ వారం నుంచి బడిలో ఆటల పీరియడ్ వచ్చేసరికి కడుపునొప్పి అనడం మొదలైంది.

సిగ్గు పుట్టింది, చూశారుగా. తిండి తగ్గిందా? అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2017లోనే ఈ మాట గట్టిగా చెప్పింది: బరువు గురించి ఎగతాళి చేస్తే పిల్లలు అతిగా తినడం, ఆటలకు దూరం కావడం, డాక్టర్ దగ్గరికి రావడానికే భయపడడం జరుగుతాయని, బరువు ఇంకా పెరుగుతుందని. ఇది నేను అకాడమీ చెప్పకముందే వంటింట్లో చూడాల్సిన సంగతి, చూడలేదు. ‘కాస్త తగ్గవే’ అని నేనూ అంటుండేదాన్ని. దయచేసి ఆ ఐదో సూత్రాన్ని ఇంకెవరికీ పంపకండి.

ఆరోది, ‘దీనికి బిళ్ల లేదు, డాక్టర్‌కు మీ పిల్లతో మాట్లాడే టైమూ లేదు.’ రెండో ముక్క నిజం, ఒప్పుకుంటున్నాను. మొదట వెళ్లినచోట ‘తిండి తగ్గించండమ్మా’ అని పాప వైపు కూడా చూడకుండా చీటీ ఇచ్చారు. అదే అకాడమీ 2023లో ఏమందంటే, 3 నుంచి 12 నెలల్లో కనీసం 26 గంటలు పిల్లతో, కుటుంబంతో కూర్చుని పనిచేయాలట. టోకెన్ల కోసం జనం కాచుక్కూర్చునే మన క్లినిక్కుల్లో అన్ని గంటలు ఎక్కడివి? 21 రోజులని మాత్రం వాళ్లెవరూ అనలేదు.

అయినా మా వీధి చివర డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. పాపకు టీకాలు వేసిన ఆయనే. గోడకున్న టేపు దగ్గర ఎత్తు కొలిచి, చార్టులో చుక్క పెట్టి, గురక పెడుతుందా, మోకాళ్లు నొప్పా అని అడిగారు. తర్వాత జడ పక్కకు తీసి మెడ వెనక చూశారు. అక్కడ నల్లగా, మందంగా ఉంటుంది. మా అత్తయ్య అది మురికనుకుని ప్రతి ఆదివారం సున్నిపిండితో కందిపోయేలా రుద్దేవారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అదొక గుర్తట. రక్తపరీక్ష రాశారు. షుగర్ లేదు, కానీ నెలనెలా రమ్మన్నారు. బరువు తగ్గించమని అనలేదు. ‘బరువు ఇక్కడే ఆగితే చాలు, ఎత్తు పెరిగేది ఉంది కదా’ అన్నారు. ఈ మెడ సంగతి మీ మెసేజ్‌లో ఏ సూత్రం కింద ఉంది?

ఆ మెసేజ్ అడుగున, ఎవరూ చదవని చోట, ఒక వాక్యముంది: ‘పిల్లకు ఏది పెడితే ఇంట్లో అందరూ అదే తినండి.’ ఎవరు రాశారో గానీ, డాక్టరు గారు మాకు చెప్పిందీ అదే. కూల్‌డ్రింకు ఇంటికి రావడం లేదు. మా ఆయన సాయంత్రం బజ్జీల పొట్లం తేవడం మానేశారు. రాత్రి ఫోన్లన్నీ హాల్లోనే ఉంటున్నాయి. ఆదివారం తుమ్మలపెంట బీచిలో నలుగురం నడుస్తున్నాం, అత్తయ్యతో సహా. నాలుగు నెలలైంది. మొన్న టేపు దగ్గర పాపే చెప్పులు విప్పి నిలబడింది. బరువు అప్పటిదే. ఎత్తు రెండు సెంటీమీటర్లు పెరిగింది.