ఆయుష్షు తీరిందట!

పొద్దున ఇక్కడ బెంగళూరులో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్.పి. రోడ్డుకు వెళ్లి వచ్చినప్పటి నుంచి ఒళ్లు మండుతూనే ఉంది. రాత్రి పదకొండు దాటినా తగ్గలేదు. అందుకే రాస్తున్నాను.

నా ల్యాప్‌టాప్ 2014లో కొన్నది. నాలుగు జీబీ మెమరీ. ఆన్ చేసి, కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. దాన్ని భుజాన వేసుకుని, చిక్‌పేట్‌లో మెట్రో దిగి, తోపుడుబళ్లను తప్పించుకుంటూ ఒక దుకాణానికి వెళ్లాను. నా కన్నడం విన్న రెండో ముక్కకే తెలుగావిడనని పట్టేశాడు కుర్రాడు. "మేడమ్, దీని ఆయుష్షు తీరింది. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి" అన్నాడు. ఒక్క స్క్రూ విప్పలేదు. అడుగున అంటించిన స్టిక్కర్ చూసి జాతకం చెప్పేశాడు. నాడి పట్టుకోకుండానే పాడె కట్టించే వైద్యం!

పైగా "విండోస్ 10కి సపోర్టు కూడా ఆగిపోయింది కదా మేడమ్" అని ఓదార్పు. ఆగింది నాయనా, 2025 అక్టోబర్ 14న. విండోస్ 11 సంగతీ నాకు తెలుసు. కాగితం మీద దానికి నాలుగు జీబీ చాలునట, ఎంత దయ! కానీ టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ప్రాసెసర్ వాళ్ల జాబితాలో ఉండాలి. నాది లేదు, కాబట్టి గడప తొక్కనివ్వరు. పని చేస్తుందా లేదా అని ఎవరూ అడగరు, పుట్టిన తేదీ చూస్తారు. నలభై దాటాక బెంగళూరులో ఉద్యోగం వెతుక్కున్న ఆడవాళ్లకు ఈ చూపు కొత్త కాదు. ఆ కథ ఇంకోసారి.

అసలు జబ్బు చాలా చిన్నది. మెమరీ నిండగానే కంప్యూటర్ మిగిలిన సరుకును హార్డ్ డిస్కు మీదకు తోస్తుంది. ఆ డిస్కు తిరిగే పళ్లెం, దాని మీద ఒక చిన్న చెయ్యి అటూ ఇటూ పరుగెడుతూ ఉండాలి. వంటింటి గట్టు మీద చోటు లేక డబ్బాలన్నీ వీధి అరుగు మీద పెట్టుకుని, పోపులోకి ఆవాలు కావాలంటే వీధిలోకి ఉరికినట్టు. పోపు మాడితే వంటమనిషికి వయసైపోయిందంటారా?

నాలుగు దుకాణాల అవతల ఒక పెద్దాయన దగ్గర తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్కు, అంటే ఎస్ఎస్‌డీ కొన్నాను. ఉపన్యాసం లేదు, డబ్బు తీసుకున్నాడు, బిల్లు ఇచ్చాడు. ఇంటికొచ్చి నేనే బిగించి, విండోస్ బదులు, తేలికపాటి ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో వచ్చే లినక్స్ మింట్ ఎక్కించాను. జెడ్‌ర్యామ్ పెట్టాను, అంటే సరుకును బయటికి తోసే ముందు మెమరీలోనే నొక్కి మడిచి సర్దే ఏర్పాటు. అడక్కుండానే మొదలయ్యే ప్రోగ్రాములను ఆపేశాను. ఇప్పుడు పాలు పొంగేలోపు సిద్ధం. ఈ పోస్టు ఆ ఆయుష్షు తీరినదాని మీదే టైపు చేస్తున్నాను. బ్రౌజర్‌లో పది పేజీలు తెరిస్తే మూలుగుతుంది, నిజమే. కరెంటు బిల్లు కట్టే పేజీకి తిరునాళ్లంత అలంకరణ చేసిన వాళ్లను అడగండి.

అయినా నిద్ర పట్టనిది దుకాణం వల్ల కాదు. డిస్కు మార్చడానికి అడుగు మూత విప్పి దుమ్ము ఊదితే, మెమరీ పెట్టుకునే గాళ్లు రెండు కనిపించాయి. ఒకదాంట్లో నాలుగు జీబీ ముక్క. రెండోది ఖాళీ! లోపలి పసుపుపచ్చ పళ్లు కొన్ననాటి మెరుపుతో అలాగే ఉన్నాయి. కొన్న రోజు ఎనిమిది తీసుకుందామని నేనే అన్నాను. "దండగ వదినా, మీరు చేసేవి లెక్కలేగా, నాలుగు చాలు" అన్నాడు మా మరిది. ఈయన తల ఊపారు. లెక్కలేగా! ఆ లెక్కలు రాసిన డబ్బుతోనే అతని పెళ్లికి కల్యాణమండపం అడ్వాన్సు కట్టాం. అదే నెలలో తను మాత్రం పదహారు జీబీది కొనుక్కున్నాడు. తనది ఉద్యోగం కదా, నాది కాలక్షేపం.

బిల్లు మీదున్న నంబరుకు ఫోను చేసి పెద్దాయనకు చెప్పాను. ఆ ఖాళీ గాడిలో పట్టే డీడీఆర్3ఎల్ రకం మెమరీ ముక్క, 1.35 వోల్టులది, వచ్చే వారం తెప్పిస్తాడట. ఈలోపు ఆదివారం మరిది వాళ్లు భోజనానికి వస్తున్నారు. గోంగూర పచ్చడి చేస్తాను, అతనికి ఇష్టమని గారెలూ వేస్తాను. ల్యాప్‌టాప్ అడుగు మూత మాత్రం బిగించను. బోర్లించి బల్ల మీద పెడతాను, సరిగ్గా అతను కూర్చునే చోట.