షీలా ఏడ్చిందని కాదబ్బా

మా చెల్లి ఇంగ్లీషు ఎంఏ చేస్తా ఉంది, పరీక్ష ముందు రోజు రాత్రి ఎన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్ నాటకం నా చేతిలో పెట్టి చదివి కథ చెప్పక్కా అనింది. దాని నోట్స్‌లో షీలా గురించి ఒకటే లైను, పశ్చాత్తాపపడి మారిపోతుంది అని. ఒళ్ళు మండింది నాకు. ఏడవడానికేముంది, ఎవరైనా ఏడుస్తారు.

తెలియనోళ్ళ కోసం చెప్తా. ప్రీస్ట్లీ అనే ఇంగ్లీషు రచయిత 1945లో రాశాడు, కథ మాత్రం 1912లో. బర్లింగ్ అని ఫ్యాక్టరీ ఓనరు, కూతురు షీలా ఎంగేజ్‌మెంట్ రాత్రి అందరూ తాగి తిని కూర్చోనుంటే ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఈవా స్మిత్ అనే పిల్ల ఆత్మహత్య చేసుకుంది, మీ అందరికీ సంబంధం ఉంది అంటాడు. వారానికి 22న్నర షిల్లింగులు చాలట్లేదు 25 చెయ్యమన్నందుకు తండ్రి పనిలోంచి తీసేశాడు. తర్వాత బట్టల షాపులో చేరింది. అక్కడ షీలా ఒక డ్రెస్సు వేసుకుని చూసుకుంటా ఉంటే, అది ఆమెకి నప్పలా, ఈవా పక్కనున్న ఆమెని చూసి నవ్వింది. ఈమెని తియ్యకపోతే మా ఇంటి ఖాతానే మానిపిస్తా అని మేనేజర్ దగ్గర గొడవ చేసింది షీలా, ఆ ఉద్యోగమూ పాయ.

ఇక్కడ పుస్తకం మూసేశా.

ఎందుకంటే మా అక్క పెళ్ళికి ట్రంకు రోడ్డులో ఒక షాపుకి పొయ్యాం, పేరొద్దులే. అక్కడ చీరలు చూపించే పిల్ల నలభై చీరలు విప్పుంటది, ఒక కాలు చెప్పులోంచి తీసి ఇంకో కాలి మీద పెట్టుకుని ర్యాకుకి ఆనుకుని నిలబడుంది, పాదం వాచి ఉంది, అదంతా నేను చూశా, చూసి కూడా, నేను పమిట వేసుకుని అద్దంలో చూసుకునేటప్పుడు వెనకాల ఎవరో కిసుక్కుమన్నారని బిల్లు కౌంటర్ దగ్గర ఫ్లోర్ మేనేజర్‌కి చెప్పేశా. ఆ నవ్వు నా గురించేనా అని కూడా తెలీదు. బ్లౌజు పీసు మార్చుకోడానికి వారం తర్వాత పోతే ఆ పిల్ల లేదు. అమ్మకి చెప్తే "ఇంకో షాపులో చేరుంటదిలే, నీకెందుకే" అనింది.

నాటకం చివర్లో అచ్చం ఇదే మాట. ఆ ఇన్‌స్పెక్టర్ అసలు పోలీసే కాదని తేలుతుంది, ఆస్పత్రికి ఫోన్ చేస్తే అట్టాంటి కేసే రాలేదంటారు. అమ్మా నాన్నా హమ్మయ్య అనుకుని నవ్వుతారు, షీలా అంతకుముందు తిరిగిచ్చేసిన ఉంగరం పెళ్ళికొడుకు మళ్ళీ చూపిస్తాడు. షీలా తీసుకోదు, ఆలోచించుకోవాలంటది. ఎవరూ చావకపోతే మనం చేసింది చెయ్యనట్టేనా అని ఆమె పాయింటు. పిల్ల పెద్దదయ్యింది అక్కడ! ఆ తర్వాత ఒక పిల్ల ఇప్పుడే చచ్చిపోయిందని నిజంగానే ఫోన్ వస్తుంది, అది వేరే సంగతి, కానీ ఆ ఫోన్ రాకముందే ఆమె తేల్చుకుంది.

సూళ్ళూరుపేట దాటితే తమిళనాడు, అక్కడ 2021లోనే షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చోడానికి సీటు ఉండాలని చట్టం తెచ్చారు, కేరళలో ఇంకా ముందు, 2018లో. కస్టమర్ లేనప్పుడన్నా కూర్చోనియ్యండయ్యా అని.

మొన్న మళ్ళీ ఆ షాపుకి పొయ్యా. పేరు తెలీదు కదా, ఎవరని అడగాలి? సన్నగా ఉంటది, ఎర్ర బొట్టు, అని చెప్తా ఉంటే కౌంటర్‌లో కొత్తమ్మాయి "ఈడ నెలకొకరు మారతా ఉంటారక్కా" అని, ఒక క్షణం ఆగి, "పట్టు చూపించమంటారా, ఫ్యాన్సీనా?" అనింది.