"63 పెట్టుకుంటే అందరికీ సరిపోతుంది" అన్న మాట తప్పు

వీఆర్ హెడ్‌సెట్ అంటే కళ్లకు పెట్టుకుంటే చుట్టూ బొమ్మల లోకం కనిపించే పరికరం. అందులో రెండు కళ్ల ముందూ ఉండే కటకాల మధ్య దూరాన్ని మన కంటిపాపల మధ్య దూరానికి సరిపెట్టుకోవాలి. దీని గురించి ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "కంటిపాపల మధ్య దూరం, అదే ఐపీడీ, కొలిపించుకోవడం దండగ. సగటు 63 మిల్లీమీటర్లు, అదే పెట్టేసుకోండి. కచ్చితంగా కావాలంటే నుదుటి మీద ఏటీఎం కార్డు పెట్టుకుని సెల్ఫీ తీసుకోండి, తెలిసిపోతుంది. తల తిరిగితే వారం ఓర్చుకోండి, కళ్లే అలవాటు పడతాయి."

నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. మేము పీడీ అని పిలిచే ఈ కొలత రోజూ తీస్తూనే ఉంటాను. ఈ మెసేజ్ నమ్మి ఇబ్బంది పడినవాళ్లు మా దగ్గరికే వస్తున్నారు కాబట్టి ఒక్కో మాటకీ జవాబు చెప్పాలి.

ముందు ఆ 63 సంగతి. పెద్దవాళ్ల సగటు 63 దగ్గర ఉంటుందన్నది నిజమే. 1988లో అమెరికా సైన్యంలో తీసిన కొలతల్లో మగవాళ్ల సగటు 65కి దగ్గరగా, ఆడవాళ్లది 62 చిల్లరగా వచ్చింది. కానీ సగటు వేరు, మీ ముఖం వేరు. పెద్దవాళ్లలో ఎక్కువమంది 50 నుంచి 75 లోపు ఎక్కడైనా ఉండొచ్చు. చెప్పుల సగటు సైజు 8 అని ఇంటిల్లిపాదికీ 8 నంబరే కొనం కదా! మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 2లో కటకాలకు 58, 63, 68 అని మూడు స్థానాలు పెట్టింది కూడా ఇందుకే. 61 లోపు ఉన్నవాళ్లు మొదటిది, 66 దాటినవాళ్లు మూడోది, మధ్యవాళ్లు రెండోది పెట్టుకోవాలని కంపెనీ సూచన. క్వెస్ట్ 3లో అయితే 58 నుంచి 71 దాకా చక్రం తిప్పుకోవచ్చు.

ఇక సెల్ఫీ. ఈ మెసేజ్‌లో అన్నిటికంటే నష్టం చేసే మాట ఇదే, ఎందుకంటే కొలిచామన్న ధైర్యం ఇచ్చి తప్పు అంకె చేతిలో పెడుతుంది. ఏటీఎం కార్డు వెడల్పు 85.6 మిల్లీమీటర్లు, అందులో తేడా లేదు. తేడా వచ్చేది కార్డు ఎక్కడుందన్న దగ్గర. ఫోన్ కళ్లకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. నుదుటి మీద కార్డు కంటిపాపల కంటే 2 సెంటీమీటర్లు ముందుకుంటే, ఫోటోలో అది 5 శాతం పెద్దగా పడుతుంది. కార్డుతో పోల్చి లెక్కేస్తే 63 కాస్తా 60 అవుతుంది. పైగా దగ్గరున్న ఫోన్‌ని చూస్తే రెండు కళ్లూ ముక్కువైపు తిరుగుతాయి, దాంతో ఇంకో ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా తగ్గుతుంది. అసలు 63 ఉన్న మనిషి 58 చిల్లర అనుకుని మొదటి స్థానంలో పెట్టుకుంటాడు. ఏ కొలతా తీయకుండా మధ్యలో వదిలేసినా ఇంతకంటే మేలు! ఇంకొకటి, మనవాళ్లలో చాలామందికి కళ్లు ముదురు గోధుమ రంగు. మామూలు వెలుతురులో తీసిన ఫోటోలో పాప ఎక్కడ అయిపోయి నల్లగుడ్డు ఎక్కడ మొదలైందో కనపడదు.

అందుకే మేము పాపని కాకుండా నల్లగుడ్డు అంచుని పట్టుకుంటాం. ఎదురుగా కూర్చుని నా కుడి కన్ను మూసి, "నా ఎడమ కంటిలోకి చూడండి" అంటాను. వాళ్ల కుడి నల్లగుడ్డు బయటి అంచు మీద స్కేలు సున్నా పెడతాను. స్కేలు కదపకుండా ఎడమ కన్ను మూసి కుడి కన్ను తెరిచి, "ఇప్పుడు ఈ కంటిలోకి" అంటాను. వాళ్ల ఎడమ నల్లగుడ్డు లోపలి అంచు ఏ గీత మీద ఉందో అదే పీడీ. ఇలా కన్ను మార్చడం వల్ల ఇంత దగ్గర కూర్చున్నా వాళ్ల చూపులు తిన్నగా, దూరానికి చూస్తున్నట్టే ఉంటాయి. ఇంట్లో చేసుకోవాలంటే అద్దం చాలు. స్కేలు కనుబొమల దగ్గర ఆనించి, ఒక కన్ను మూసి తెరిచిన కంటి నల్లగుడ్డు బయటి అంచుకి సున్నా సరిచూసుకోవాలి, తల కదపకుండా కన్ను మార్చి రెండో కంటి నల్లగుడ్డు లోపలి అంచు దగ్గరి అంకె చదవాలి. మూడు నాలుగుసార్లు చేస్తే దగ్గర దగ్గరగా వచ్చే అంకే మీది.

"అలవాటు పడతాయి" అన్నదాంట్లో సగం నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. మనం కూర్చునే ఉండగా ఆటలో పరుగెడుతుంటే వచ్చే తల తిప్పుడు చాలామందికి కొన్నాళ్లకు తగ్గుతుంది. కానీ కటకం నడిబొడ్డు నుంచి పాప పక్కకు జరిగితే వచ్చే మసక, బొమ్మ అంచులు సాగడం వారం ఓర్చుకుంటే పోవు. కటకం జరిగితేనే పోతాయి. ఈమధ్యే ఒక అమ్మాయి వచ్చింది. "అన్నా, హెడ్‌సెట్ పెడితే పది నిమిషాల్లో తలనొప్పి, నాకు సైట్ వచ్చిందేమో చూడండి" అంది. సైట్ లేదు. పీడీ 58. హెడ్‌సెట్ వాళ్ల అన్నయ్యది, 68 దగ్గర ఉంది. తనేమో అలవాటవుతుందని తొమ్మిది రోజులు బాధపడింది, పాపం. వీఆర్ ఆడవాళ్లకు పడదు అనే మాటకు కూడా ఐపీడీ కుదరకపోవడం ఒక కారణం కావచ్చు. 2020లో అమెరికా పరిశోధకురాలు కే స్టానీ బృందం ప్రచురించిన పరిశోధనలో, ఐపీడీ సరిగ్గా కుదిరిన ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగానే వికారం వచ్చింది.

పాత చీటీ మీద పీడీ ఉంటే వాడుకోవచ్చు, కానీ అది చత్వారం అద్దాలకు రాసిందైతే సుమారు 3 మిల్లీమీటర్లు తక్కువ ఉంటుంది. దగ్గర్లోని కళ్లజోళ్ల షాపుకి వెళ్లి "దూరపు పీడీ కావాలి" అని అడగండి, నిమిషం కూడా పట్టదు. ఇంట్లో హెడ్‌సెట్ వాడేవాళ్లందరి అంకెలూ ఒక కాగితం మీద రాసి పెట్టె మూతకి లోపల అంటించండి, చేతులు మారినప్పుడల్లా చూసుకుని మార్చుకోవచ్చు.